ఒలికిపోయిందండీ

ఆవిడ పేరు చెప్పను. మాటిచ్చేను. చెప్పకపోయినా మా ఊళ్ళో ఇట్టే పోల్చేస్తారు లెండి. "ఓహో, ఆ నీళ్ళు ఒలకబోసుకునే ఆవిడా!" అంటారు. ముప్పై తొమ్మిదేళ్ళు బతికిన మనిషి గురించి ఊరికి గుర్తున్నది ఆ ఒక్క ముక్కే.

మొన్న బుధవారం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికలో ఎవరి చెయ్యో తగిలి మంచినీళ్ళ గ్లాసు పడిపోయింది. చాప తడిసిందో లేదో, నలుగురైదుగురు ఒక్కసారే "ఒలికిపోయిందండీ" అని ఆవిడ గొంతుతో అనేసి నవ్వేసేరు. పోయి నెల్లాళ్ళు కాలేదు మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది. చెడ్డగా నవ్వలేదు, అది నాకూ తెలుసు. ప్రేమగానే నవ్వేరు. అందుకే ఇంకా ఎక్కువ మండింది. అప్పట్నించీ అన్నం వార్చినా, బట్టలు మడతెట్టినా ఆవిడే కళ్ళ ముందు.

ఎప్పుడు చూసినా చేతిలో లీటరు నీళ్ళ సీసా ఉండేది. మూత సగం తిప్పి ఉండేది. చర్చిలోనో, పెళ్ళిలోనో, రేషను వరసలోనో ఉన్నట్టుండి ఆ సీసా వొంగేది, చీర కుచ్చిళ్ళ మీద నీళ్ళు పడేవి, "అయ్యో, ఒలికిపోయిందండీ" అంటూ లేచి, దులుపుకుంటూ బయటికెళ్ళిపోయేది. మళ్ళీ లోపలికి వచ్చేది కాదు. చేతుల్లో ఒణుకనుకునేవారు ఊళ్ళో. కట్టేవన్నీ ముదురు రంగు చీరలే. రాజోలు నించి అమలాపురం దాకా బస్సు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. "పర్లేదండీ, నించుంటానండీ" అనేది. మొగుడు కువైట్లో ఉన్నాడని టెక్కు అన్నారు కొందరు. చర్చిలో తలుపు పక్కన ఆఖరి కుర్చీ ఆవిడది. ఎవరైనా హాస్యమాడితే పెదాలు బిగించి, కాలు మీద కాలేసుకుని, గోడ కేసి చూసేది.

ఇంకో సంగతి ఉంది, అది మాత్రం ఎవరూ చూళ్ళేదు. ఆ సీసాలో నీళ్ళు ఆవిడ తాగడం ఏనాడూ ఎవరి కంటా పడలేదు.

ఊరించడానికి ఇదేం కథ కాదు, చెప్పేస్తాను. కాన్పులో ఆవిడకి కింద కండరాలు సడలిపోయేయి. రెండు రోజులు నొప్పులు పడి నాలుగు కేజీల పిల్లని కంది. ఆ తర్వాత దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బిందె ఎత్తినా ఒంటేలు ఆగేది కాదు. చీర తడిసిపోయేది. ఆ తడి ఎవరి కంటా పడకుండా దాని మీద సీసాలో నీళ్ళు పోసుకునేది. అదీ ఒలకబోత.

నేను ఈ ఊరికి ఏఎన్నెమ్మును. అందరూ సిస్టరు గారంటారు. కాన్పయ్యేక ఇంటికెళ్ళి తల్లినీ బిడ్డనీ చూసి రిజిస్టర్లో రాసుకోవడం నా పని. అంటే ఈ సంగతి అందరికంటే ముందు తెలుసుకోవలసిన మనిషిని నేనే. తెలుసుకున్నది నాలుగేళ్ళకి.

కాన్పైన వారానికి వెళ్ళేను. వాళ్ళత్తగారు పాత నేత చీర చింపి కోడలి పొట్టకి నడికట్టు బిగించి కట్టేరు. గదిలో సాంబ్రాణి పొగ. మంచం పక్కన బాలింత కాయం సీసా ఉంది గానీ మంచినీళ్ళ గ్లాసు లేదు. "పచ్చి ఒళ్ళు కదండీ, నీళ్ళు తాగితే పొట్ట జారిపోద్దండీ. నాలిక తడుపుకోడానికి ఇస్తన్నానండీ" అన్నారు అత్తగారు. అలా కాదండీ, పాలిచ్చే తల్లి బాగా తాగాలండీ అని చెప్పేను. ఆయ్ అన్నారు. నేను వెళ్ళేక ఇచ్చి ఉండరు. అత్తగారు చెడ్డావిడ కాదు. వాళ్ళమ్మ తనకి చేసినట్టే కోడలికి చేసేరు.

అప్పుడు నేను రిజిస్టరు తీసి వరసగా అడిగేను. పాలు పడుతున్నాయా, జ్వరం ఉందా, రక్తం ఎక్కువ పోతోందా. ఆఖర్న, "ఒంటికి వెళ్ళడానికి ఏం ఇబ్బంది లేదు కదమ్మా?"

"ఆయ్" అంది.

ఇబ్బంది లేదు అని రాసుకున్నాను.

మా కోనసీమలో ఆయ్ అంటే అవునని కాదండీ. విన్నానండీ అని, కానివ్వండీ అని, పెద్దవారు మీరు, మీ మాట కాదంటానా అని, ఇన్ని ఉన్నాయి అందులో. ఇది పై ఊళ్ళ నించి వచ్చిన డాక్టరు గారికి తెలీదంటే అర్థముంది. నేను ఇక్కడే పుట్టేను, ఇక్కడే ఆయ్ అంటూ పెరిగేను. అయినా రాసేసేను. నలభై రెండో రోజు మళ్ళీ వెళ్ళేను, అదే అడిగేను, అదే అంది, అదే రాసేను. ఆ రోజు ఇంకా ఏడిళ్ళు తిరగాలి నేను. సాకు కాదు, ఉన్నమాట చెప్తున్నాను.

పెళ్ళైన కొత్తలో ఆవిడ ఎలా ఉండేదో చెప్పాలి. మా చర్చి క్వయరులో ఆవిడదే పెద్ద గొంతు. పైస్థాయికి వెళ్తే మైకు అవతల పెట్టేసేవారు. నవ్వైతే మరీను! కాలవకి అవతలి గట్టున నవ్వినా "అదుగో పాస్టరు గారి పక్కింటి కోడలు" అనేవారు. అలాంటిది కాన్పయ్యేక క్వయరు మానేసింది. పిల్ల ఏడుస్తోందండీ అంది. పిల్ల పెద్దదయ్యేక గొంతు పోయిందండీ అంది. పైస్థాయిలో పాట ఎత్తుకోవాలంటే పొట్ట బిగించాలి కదా. బిగిస్తే కింద ఆగదు.

పిల్లకి ఎనిమిదేళ్ళప్పుడు స్కూల్లో టీకాలకి వెళ్ళేను. సూది భయం పోగొడదామని "మీ అమ్మకి ఏం చేస్తే నవ్వొస్తుందే?" అని అడిగేను. "మా అమ్మకి నవ్వు రాదండీ" అంది ఆ పిల్ల. "నేను కోతిలా చేసి చూపించినా రాదండీ. ఆపవే ఆపవే అని బయటికెళ్ళిపోద్దండీ." దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. సూదికే అనుకుంది పక్కనున్న టీచరమ్మ.

నాకు అసలు సంగతి తెలిసింది అంతకు ముందే, గోదారి దాటే పంటు మీద. సఖినేటిపల్లి రేవులో ఎక్కి నరసాపురం వెళ్తున్నాం, అనుకోకుండా ఇద్దరం కలిసేం. పంటు నిండా మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు. నేను వెళ్ళి మధ్యలో నీడనున్నాను. ఆవిడ నీళ్ళు ఎగిరిపడే అంచున, ఎండలో నించుంది. "ఇటు రావే, తడిసిపోతున్నావు" అన్నాను. "బాగుందండీ ఇక్కడ" అంది. గోదారి మధ్యకి వచ్చేసరికి ఎవరో మిరపకాయల బస్తా లాగేరు. ఘాటుకి అందరం తుమ్మేం. ఆవిడ తుమ్ముని ఆపుకుంది, ఆపుకుంది, ఆగలేదు. వరసగా మూడు. అప్పుడు సీసా మూత తీసింది.

నేను సరిగ్గా అటే చూస్తున్నాను. ఆ చెయ్యి ఒణకలేదండీ. నిదానంగా, గురి చూసి పోసుకుంది. నీళ్ళు పడకముందే చీర తడిసుంది.

"ఒలికిపోయిందండీ" అంది, నా కేసి చూసి నవ్వబోతూ. నేను నవ్వలేదు. ఆవిడకి అర్థమైపోయింది. మొహం పాలిపోయింది. పంటు అవతలి ఒడ్డు తగిలింది. దిగేక రేవులో చింతకాయలమ్మే ఆవిడ గొడుగు వెనక్కి లాక్కెళ్ళి అడిగేను. ఎన్నాళ్ళ నించి అంటే కాన్పు నించి అంది. నాకు కోపం వచ్చేసింది.

"మరి నేను ఇంటికొచ్చి అడిగితే ఎందుకు చెప్పలేదే?"

"చెప్పేను కదండీ. ఆయ్ అన్నాను కదండీ."

"ఆయ్ అంటే?"

"ఇబ్బందుందనండీ. మీరే లేదు కదా అన్నారండీ, పెద్దవారు, ఉందండీ అని ఎదురు చెప్పలేకపోయేనండీ. పక్కన అత్తయ్యగారున్నారు. ఆయ్ అని మీ మొహంలోకి చూసేనండీ, ఇంకా అడుగుతారేమోనని. మీరు రాసుకుంటున్నారండీ."

 కొంగుతో మొహం తుడుచుకున్నాను. తర్వాత ఆవిడే నన్ను ఓదార్చింది. "మీరేం అనుకోకండి సిస్టరు గారూ. నాది ఇంకా పచ్చి ఒళ్ళేననుకుంటున్నానండీ. అత్తయ్యగారు చెప్పినట్టు నీళ్ళు తగ్గించేనండీ. పొద్దున్న ఒక గ్లాసు, సాయంత్రం సగం. తక్కువ తాగితే తక్కువ పోద్దండీ. అలవాటైపోయింది." వైశాఖంలో, కొబ్బరాకు కూడా కదలని ఎండల్లో, గ్లాసున్నర నీళ్ళతో రోజు గడుపుతోంది మనిషి. అలా తాగకపోతే లోపల పుండవుతుందే, కిడ్నీలు పాడవుతాయే అని మొత్తుకున్నాను. "ఆయ్" అంది. మాట తీసుకుంది, ఎవరికీ చెప్పనని.

ఆవిడకి పెద్ద కోరికలేం లేవు. "మంచి శుక్రవారం మూడు గంటల ఆరాధనా లేవకుండా కూర్చోవాలండీ. వీలైతే నా పాత చోట నించుని ఒక్క పాట పాడాలండీ." అంతే అడిగింది.

అమలాపురం తీసుకెళ్ళేను. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవాలి, ఒంటేలు మధ్యలో ఆపుకున్నట్టు లోపలికి బిగపట్టాలి, పది లెక్కపెట్టి వదలాలి, పది లెక్కపెట్టి మళ్ళీ బిగపట్టాలి. చేతవుతున్న కొద్దీ కూర్చుని, నించుని చెయ్యొచ్చు. బరువులెత్తకూడదు. నీళ్ళు మానకూడదు. కాన్పైన వెంటనే మొదలెట్టి ఉంటే తొందరగా గట్టిపడేవండీ అంది ఆ అమ్మాయి, నా కేసి చూసి. నేను గోడ మీద పటం చూసేను.

వారం పోయేక ఆవిడ వచ్చి, "అంకెలైతే గబగబా లెక్కపెట్టేస్తున్నానండీ, కంగారులో" అంది. "అందుకని స్తోత్రాలు పెట్టుకున్నానండీ. పదిసార్లు స్తోత్రం అనేదాకా బిగపట్టడం, పదిసార్లు అనేదాకా వదలడం. స్తోత్రం అంటే నెమ్మదిగా అనాలి కదండీ." గొంతు తగ్గించి, "దేవుడికి కోపం రాదు కదండీ? అలాంటి చోటికి ఆయన స్తోత్రాలు?"

"ఆ చోటు చేసింది మాత్రం ఎవరే?" అన్నాను. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొంచెమే.

ఇహ చూడండి, బస్సులో స్తోత్రం, రేషను వరసలో స్తోత్రం, కొబ్బరి కోరుతూ స్తోత్రం. పెదాలు కదుల్తూనే ఉండేవి. ఆవిడకి ప్రార్థన భారం కలిగిందని ఊరంతా అనుకున్నారు. పాస్టరు గారు ప్రసంగంలో "ఎడతెగక ప్రార్థించే సహోదరి మన మధ్య ఉంది" అని చేత్తో చూపించేరు. ఆవిడ కందిపోయి నా కేసి చూసింది. నేను బైబిలు మొహానికి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

ఏడాది పట్టింది, తర్వాత ఇంకో ఏడాది, అలా నాలుగైదేళ్ళు. తగ్గుతూ వచ్చింది. ముందు తుమ్ము ఆగింది, తర్వాత దగ్గు. నీళ్ళు మాత్రం పెంచమంటే పెంచేది కాదు. ఆ భయం పోలేదు. పిల్లకి తొమ్మిదేళ్ళు నిండిన ఏడు మంచి శుక్రవారం నాడు చర్చికి వచ్చింది చూడండి, తెల్ల చీర! చేతిలో సీసా లేదు. మూడో వరసలో క్వయరు ఆడవాళ్ళ పక్కన కూర్చుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటి మాట మీద ప్రసంగం అయ్యింది, రెండో మాట అయ్యింది. నేను ప్రసంగం ఒక్క ముక్క వింటే ఒట్టు. ఆవిడ వీపే చూస్తూ కూర్చున్నాను. అయిదో మాట దప్పిగొనుచున్నాను. ఆ మాటకి ముందు పాట ఆవిడ ఎత్తుకుంది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ గొంతు. పైస్థాయికి వెళ్ళింది, నిలబడింది, దిగింది. తెల్ల చీర తెల్లగానే ఉంది.

బయటికొచ్చేక మెట్ల మీద కూతురు ఏదో అంది, పాస్టరు గారు చెమట తుడుచుకునే తీరు అనుకరించి చూపించిందట. ఆవిడ పాత నవ్వు నవ్వేసింది, కాలవ అవతలికి వినబడేలా. "సిస్టరు గారూ, మా అమ్మ నవ్విందండీ!" అని ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

ఆ ఒక్కసారే.

వానలు మొదలయ్యేక వాళ్ళత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయేయి. భారీ మనిషి. ఇంట్లో ఇంకెవరున్నారు? మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి నీళ్ళ గదికి, మళ్ళీ మంచం మీదకి, రోజుకి పదిసార్లు ఎత్తేది. ఎత్తకు అన్నాను. మరెలాగండీ అంది. ఆడబిడ్డని రమ్మను, పక్కింటి వాళ్ళని సాయం పిలువు అన్నాను. "నువ్వెందుకు ఎత్తలేవు, గట్టిగానే ఉన్నావు కదా అని అడుగుతారండీ. ఏం చెప్పమంటారు?" మొగుడికైనా చెప్పవే అన్నాను. "అంత దూరంలో బండి తోలే మనిషికి ఈ కబురెందుకండీ." అత్తగారు మాట సరిగ్గా రాని నోటితో "నా బరువు నీ మీద పడిందమ్మా" అని ఏడ్చేవారు. ఆయ్ అనేది, నడుం కింద చెయ్యేసి లేవదీస్తూ.

మూడు నెలల్లో అన్నీ వదులైపోయేయి. ఈసారి గర్భసంచి కూడా జారింది. డాక్టరు గారు చూసి ఆపరేషను చెయ్యాలన్నారు. తర్వాత మూడు నెలలు చెంబు కూడా ఎత్తకూడదన్నారు. ఆ మూడు నెలలూ అత్తగారిని ఎవరెత్తుతారు? మళ్ళీ ముదురు చీరలు, మళ్ళీ సీసా, మళ్ళీ ఆఖరి కుర్చీ. కొన్నాళ్ళకి ఆ కుర్చీ కూడా ఖాళీ. స్తోత్రాలు చేస్తున్నావా అని అడిగితే, "అనడానికి అంటున్నానండీ, పట్టుకోడానికి అక్కడ ఏం లేదండీ" అంది.  అత్తగారు మూడేళ్ళు మంచం మీదున్నారు. ఒక్క పుండు పడకుండా చూసుకుంది. అత్తగారు పోయేరు, నలభై రోజుల కూడిక అయ్యింది, ఇప్పుడు ఆపరేషనుకి రాయించనా అని అడిగేను. ఆయ్ అంది. ఈసారి ఆ ఆయ్ అవుననే. నేను అడిగి తేల్చుకున్నాను.

రాయించిన తేదీకి వారం ముందు చలిజ్వరం వచ్చింది. రెండు రోజులు బిళ్ళలు వేసుకుని ఊరుకుంది. మూడో రోజు నేను వెళ్ళేసరికి మాట తడబడుతోంది. ఆటో ఎక్కించి అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళేను. ఒంట్లో నీళ్ళు లేవు, మూత్రంలో చీము, రెండు కిడ్నీలకీ పాకి రక్తంలో కలిసిపోయింది. "ఈవిడ నీళ్ళు తాగరా అండీ?" అని అడిగేరు డాక్టరు గారు. తాగరండీ అన్నాను. "చదువుకున్నవారు, మీరు పక్కనుండి..." అని ఆగిపోయేరు. ఆయ్ అన్నాను.

మర్నాడు పొద్దున్న కాస్త తెలివొచ్చింది. సెలైను ఎక్కుతోంది, కింద గొట్టం పెట్టేరు, సంచిలో చుక్కలు పడుతున్నాయి. ఆవిడ ఆ గొట్టం కేసి చాలాసేపు చూసింది. "ఇది ఉంటే పక్క తడవదాండీ?" అంది. తడవదమ్మా అన్నాను. "ఎన్ని తాగినా?" ఎన్ని తాగినా సరే అన్నాను. నర్సుని అడిగేను, కొంచెం కొంచెంగా ఇవ్వండన్నారు.

తల పట్టుకుని గ్లాసు అందించేను. తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆఖరి చుక్క దాకా తాగింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఎంత బాగున్నాయండీ నీళ్ళు" అంది. "పాప పుట్టేక ఇదే కడుపారా తాగడం."

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. వేడికి కాలిపోతోంది చెయ్యి. "ఊళ్ళో ఎవరికీ చెప్పకండి. పాపకి మాత్రం చెప్పండి సిస్టరు గారూ. ఇప్పుడే చెప్పండి, పెద్దదయ్యేక వద్దు. నాకు నవ్వొచ్చేదని చెప్పండి. అది కోతిలా చేస్తే చాలా నవ్వొచ్చేదని చెప్పండి."

అలాగేనమ్మా అన్నాను. ఆ సాయంత్రమే పోయింది.

మొన్న కూడికలో జరిగినదాంట్లో మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ పిల్ల కూడా వచ్చింది. దానికి నేనింకా చెప్పలేదు. పన్నెండేళ్ళు నిండేయి. వాళ్ళ నాన్న తిరిగి కువైట్ వెళ్ళేక పాస్టరమ్మ గారు రోజూ తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. గ్లాసు పడ్డప్పుడు, అందరూ నవ్వినప్పుడు, అది నవ్వలేదు. పెదాలు బిగించి, కాలు మీద కాలేసుకుని గోడ కేసి చూసింది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది.

పాస్టరమ్మ గారు దాని తల నిమురుతూ, "పాపం, మంచి మనిషి. ఎప్పుడూ నవ్వే ఎరగదు, చేతుల్లో ఒణుకొకటి. కదండీ సిస్టరు గారూ?" అన్నారు.

అందరూ నా కేసి తిరిగేరు.

"ఆయ్" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది, ఇంకా ఏమైనా చెప్తానేమోనని. నేను వొంగి చాప మీద నీళ్ళు తుడుస్తున్నాను.